అరికాలి మెత్త

కుక్క అరికాలు తెగితే కారే నెత్తురు గాయాన్ని మించి ఉంటుంది. వరండా గచ్చు మీద నాలుగడుగులు వేసిందంటే నాలుగు చోట్లా ఎర్రటి మచ్చలే. ఆగి కాలు నాక్కుంటుంది, లేచి నడుస్తుంది, మళ్లీ కారుతుంది. ఇంట్లోవాళ్లు కంగారుపడి చేతికి అందింది పూసేస్తారు. ఒకరు పసుపు డబ్బా తెస్తారు, ఇంకొకరు డెట్టాల్ సీసా తెస్తారు, పల్లెల్లో అయితే కిరసనాయిలు పోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందరిదీ ప్రేమే. కానీ ఆ పాదానికి తనంతట తాను మానే శక్తి నిండుగా ఉంది. ఒంటి బరువు, నాలుక, మురికి, ఆపైన మన తొందర దానికి అడ్డం పడతాయి. వైద్యంలో చాలా భాగం ఈ అడ్డాలు తీయడమే. అదెందుకో తెలియాలంటే ముందు ఆ పాదం ఎలా ఉంటుందో చూడాలి.

కుక్క మనలా మడమ ఆనించి నడవదు, వేళ్ల మీద నడుస్తుంది. వెనక కాలికి మోకాలు వెనక్కి వంగిందేమిటా అని మనం అనుకునే చోట ఉన్నది నిజానికి దాని మడమ. అంటే ఒంటి బరువంతా పాదం కిందున్న మెత్తలే మోయాలి. ప్రతి పాదానికీ వేలికొకటి చొప్పున నాలుగు చిన్న మెత్తలు, వాటి వెనక నడిమధ్యన ఒక పెద్ద మెత్త. ముందరి కాళ్లకు మణికట్టు వెనక ఇంకొకటి ఉంటుంది. అది మామూలు నడకలో నేలకు తగలదు, పరుగులో గిరుక్కున మలుపు తిరిగేటప్పుడో జారేటప్పుడో ఆసరా ఇస్తుంది. నిలబడ్డ కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందరి కాళ్ల మీదే ఉంటుంది. 20 కిలోల కుక్కయితే 12 కిలోలు ఆ రెండు పాదాలవే. పరుగెత్తినా, గోడ మీంచి దూకినా ఆ భారం ఇంకా పెరుగుతుంది.

మెత్త మీది చర్మం కుక్క ఒంట్లో ఇంకెక్కడా లేనంత మందం. పైపొరంతా కెరటిన్, మన గోళ్లలోనూ జుట్టులోనూ ఉండే పదార్థమే. మీ ఇంటి కుక్క పాదాన్ని ఒళ్లో పెట్టుకుని వెలుతురులో ఒకసారి పరీక్షగా చూడండి. మెత్త నిండా సన్నటి, కొనదేలిన బొడిపెలు ఒత్తుగా కనిపిస్తాయి. నేల మీద పట్టు ఇచ్చేవి ఇవే. సిమెంటు గచ్చు మీద పెరిగిన కుక్కకు అవి అరిగి మొండిగా ఉంటాయి. చర్మం కింద కొవ్వు ఉంటుంది. కొలాజెన్ పోగులూ సాగే పోగులూ ఆ కొవ్వును చిన్నచిన్న గదులుగా విడగొట్టి పట్టుకుంటాయి కాబట్టి బరువు పడినప్పుడు అణిగి, బరువు తీయగానే మళ్లీ లేస్తుంది. చెమట గ్రంథులు కూడా ఆ కొవ్వులోనే ఉన్నాయి. కుక్క ఒంటిని చల్లబరిచేది ప్రధానంగా వగర్పే అయినా, అరికాళ్లకు మాత్రం చెమట పడుతుంది. డాక్టరు బల్ల మీద బెదురుతూ నిలబడ్డ కుక్కను దించాక ఆ స్టీలు రేకు మీద తడి అడుగులు కనిపించేది అందుకే.

ఇక నెత్తురు సంగతి. మంచు మీద తిరిగినా కుక్క ఒళ్లు పాదాల్లోంచి ఎందుకు చల్లబడిపోదన్న ప్రశ్నకు జపాన్‌లోని యమజాకి గకుయెన్ విశ్వవిద్యాలయంలో హిరోయోషి నినోమియా బృందం 2011లో మంచి జవాబు చెప్పింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూస్తే, మెత్తలోకి వచ్చే ధమనుల చుట్టూ సిరలు వలలా అల్లుకుని కనిపించాయి. ఒంట్లోంచి దిగే వెచ్చటి నెత్తురు, నేల తగిలి చల్లబడి తిరిగి పోయే నెత్తురుకు తన వేడిని దారిలోనే ఇచ్చేస్తుంది. అందువల్ల పాదం చల్లదనం ఒంట్లోకి ఎక్కదు. అంత చిన్న మెత్తలో ఇంత దట్టంగా నాళాలున్నాయి కనుకే చిన్న గాజు పెంకు దిగినా నెత్తురు ధార కడుతుంది. గాయం మానేటప్పుడు అదే కలిసొస్తుంది, ఎందుకంటే నెత్తురు బాగా అందే కండ తొందరగా పూడుకుంటుంది.

నెత్తురు ఆపడానికి మందు అక్కర్లేదు. శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గాయం మీద అదిమి పట్టుకుంటే చాలు. 10 నిమిషాలు చెయ్యి తీయకూడదు. ఆగిందో లేదో చూద్దామని నిమిషానికోసారి గుడ్డ ఎత్తితే అప్పుడే కడుతున్న గడ్డ దాంతోపాటు ఊడివస్తుంది. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకో గుడ్డ వేసి అదమాలి. కాలికి తాడు బిగించడం, రబ్బరు బ్యాండు వేయడం ఎప్పుడూ చేయకండి. వెంట్రుకల్లో దాగి కనపడకుండా పోయిన రబ్బరు బ్యాండు వల్ల పాదమే కుళ్లిపోవచ్చు.

ఆ తర్వాత కడగడం. ఈ పనికి మనవాళ్లు తక్కువ సమయం ఇస్తారు గానీ, నా లెక్కలో మొత్తం వైద్యంలో దీనికి మించింది లేదు. లీటరు నీళ్లు మరగబెట్టి, చల్లార్చి, అందులో 9 గ్రాముల ఉప్పు కలిపితే నెత్తురుతో సమానమైన ఉప్పదనం వస్తుంది, కాబట్టి కణాలకు బాధ ఉండదు. మందుల షాపులో దొరికే సెలైన్ సీసా కూడా ఇదే. సూది తీసేసిన సిరంజితో ధారగా కొట్టి ఇసుకా మట్టీ కొట్టుకుపోయేదాకా కడగాలి. పోవిడోన్ అయోడిన్ వాడదలిస్తే సీసాలోంచి నేరుగా పోయకుండా, నీళ్లు కలిపి పలచటి టీ రంగుకు తేవాలి. గాఢంగా ఉంటే క్రిములతోపాటు గాయాన్ని పూడ్చడానికి వచ్చే కణాలు కూడా చస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా అంతే. అది నురగలు కక్కితే గాయం శుభ్రపడిందనుకుంటాం, కానీ రోజూ పోస్తే కొత్త కణాలే దెబ్బతింటాయి. డెట్టాల్‌కు ఇంకో చిక్కు ఉంది, పూసినదాన్ని కుక్క నాకి మింగుతుంది.

కడిగేటప్పుడే వేళ్ల సందుల్లో కూడా చూడాలి. మన ఊళ్లలో గాజు పెంకులతోపాటు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు ఎక్కువ. సర్కారు తుమ్మ ముల్లు లోపలే విరిగితే పైకి చుక్కంత రంధ్రమే కనిపిస్తుంది. రెండు మూడు రోజులకు వేళ్ల మధ్య వాచి చీము పడుతుంది. పైపైన కనిపించే ముల్లును పట్టకారుతో తీయవచ్చు. లోతుగా దిగిన పెంకును ఇంట్లో కెలకొద్దు. అది లాగేశాక నెత్తురు ఆగకపోతే చేయగలిగింది తక్కువ. పదిహేను నిమిషాలు అదిమినా నెత్తురు ఆగకపోయినా, మెత్త చీలి కండ వేలాడుతున్నా, లోపలి కొవ్వు కనిపిస్తున్నా, మర్నాటికి కూడా కుక్క కాలు కింద పెట్టకపోయినా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. నొప్పికని మనం మింగే ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు దానికి వేయకూడదు. అవి కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కుక్కలకు సరిపడే నొప్పి మందులు వేరే ఉన్నాయి, వాటి మోతాదు డాక్టరే చెప్పాలి.

చెయ్యి తెగితే కుట్లు వేసినంత తేలికగా మెత్తకు కుట్లు నిలవవు. బరువు పడ్డప్పుడల్లా మెత్త పక్కలకు సాగుతుంది. ఆ లాగుడుకు దారం కండను కోసుకుంటూ బయటికి వచ్చేస్తుంది. అందుకే సర్జన్లు లావు దారం తీసుకుని, గాయం అంచుకు దూరంగా లోతుగా కుట్టి, పైన మందమైన కట్టు కట్టి, మామూలు చర్మానికి ఉంచేదానికంటే ఎక్కువ రోజులు, రెండు మూడు వారాలదాకా కుట్లు ఉంచుతారు. వారానికే కుక్క కుంటకుండా నడుస్తోందని కట్టు విప్పేసి వీధిలోకి వదిలితే కుట్లు తెగి గాయం మొదటికొస్తుంది. నొప్పి ముందు తగ్గుతుంది, బలం చాలా వెనక వస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న ఎడం వల్లనే చాలా పాదాలు రెండోసారి చీలుతున్నాయి.

ఆ బలం ఎలా వస్తుందో చూద్దాం. తెగిన నిమిషాల్లోనే నెత్తురు గడ్డకట్టి నాళాలు మూసుకుంటాయి. వెంటనే తెల్ల రక్తకణాలు దిగి క్రిములనూ చచ్చిన కణాలనూ తినేస్తాయి. అప్పుడు వచ్చే ఎరుపూ వాపూ ఈ పని తాలూకు గుర్తులే. తొలి రెండు మూడు రోజులు కొద్దిగా వాచిందని బెదరక్కర్లేదు. మూడో రోజు నుంచి ఐదో రోజులోగా గాయం అడుగున ఎర్రగా, గింజలు గింజలుగా కొత్త కండ పుడుతుంది. ముట్టుకుంటే ఇట్టే నెత్తురు చిమ్ముతుంది, ఎందుకంటే దాని నిండా అప్పుడే మొలిచిన సన్నటి నాళాలు. ఫైబ్రోబ్లాస్టులనే కణాలు అందులో కొలాజెన్ పోగులు నేస్తాయి. వాటిలో కొన్ని కండరకణాల స్వభావం తెచ్చుకుని గాయం అంచులను లోపలికి లాగుతాయి. పై అంచుల నుంచి కొత్త చర్మకణాలు ఆ ఎర్ర కండ మీదుగా పాక్కుంటూ మధ్యలో కలుసుకుంటాయి. ఇక్కడితో గాయం మూసుకుంటుంది గానీ మానడం పూర్తికాదు. మూడు వారాలు గడిచేసరికి ఆ చోటికి వచ్చేది మామూలు చర్మం బలంలో సుమారు ఐదో వంతే. పోగులు సర్దుకుని గట్టిపడటానికి నెలలు పడుతుంది, అప్పటికీ పాత బలంలో 80 శాతం మించి రాదు.

చర్మకణాలు పాకడానికి తేమ కావాలి. ఈ మాట వినగానే పెద్దవాళ్లు ఒప్పుకోరు, గాయం గాలికి ఆరాలనీ పక్కు కట్టాలనీ అంటారు. 1962కు ముందు డాక్టర్లదీ చాలావరకు అదే నమ్మకం. ఆ ఏడాది బ్రిటన్‌లో జార్జ్ వింటర్ పందిపిల్లల చర్మం మీద చిన్న గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలి, కొన్నింటిని పాలిథీన్ పొరతో కప్పి చూశాడు. కప్పిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంతో పరుచుకుంది. గాలికి ఆరిన గాయంలో కణాలు పక్కు కిందుగా దారి తవ్వుకుంటూ పోవలసి వచ్చింది. నేచర్ పత్రికలో వచ్చిన ఆ చిన్న వ్యాసం తర్వాతే అంటుకోని పొరలు, జెల్‌లు గాయాల వైద్యంలోకి వచ్చాయి. అయితే తేమ గాయానికే పరిమితం కావాలి. చుట్టూ ఉన్న పాదం మాత్రం పొడిగా ఉండాలి. నానిన మెత్త తెల్లబడి, ఉబ్బి, పొరలుగా ఊడుతుంది, క్రిములకు ఇల్లవుతుంది.

కట్టు కట్టడంలో ఉన్న నైపుణ్యమంతా ఈ రెంటినీ సరిచూసుకోవడమే. గాయం మీద అంటుకోని పొర వేస్తారు. వేళ్ల సందుల్లో పలచగా దూది పెడతారు, లేకపోతే వేళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని, చెమట పట్టి ఒరిసిపోతాయి. దాని మీద దూది పొర, ఆపైన బ్యాండేజీ. వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టుకుంటూ మణికట్టు దాటించాలి, అంతకు కిందే ఆపితే జారిపోతుంది. నడిమి రెండు వేళ్ల గోళ్లు బయటికి కనపడేలా వదలాలి. రోజుకు రెండుసార్లు ఆ గోళ్లు చూడండి. అవి ఒకదానికొకటి ఎడంగా జరిగితే లోపల వాచినట్టు. వేళ్లు చల్లగా తగిలినా, కట్టు వాసన కొట్టినా, కుక్క ఉన్నట్టుండి కట్టును పీక్కుంటున్నా వెంటనే విప్పాలి. బిగుతు కట్టు కంటే కట్టు లేకపోవడమే మేలు. బయటికి తీసుకెళ్లేటప్పుడు తడవకుండా ప్లాస్టిక్ సంచి తొడగవచ్చు. ఇంటికి రాగానే తీసేయాలి, లేకపోతే లోపల చెమటతోనే తడుస్తుంది. మొదట్లో గాయం ఊరుతుంది కాబట్టి రోజూ, ఊట తగ్గాక రెండు మూడు రోజులకోసారి కట్టు మార్చాలి.

నాకితే మానుతుందన్న నమ్మకంలో కొంత నిజం ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో బెంజమిన్ హార్ట్, కారెన్ పావెల్ 1990లో కుక్క లాలాజలాన్ని పరీక్షించారు. అది ఇ. కొలై, స్ట్రెప్టోకోకస్ కానిస్ అనే రెండు రకాల బాక్టీరియాను చంపింది. కానీ చర్మపు గాయాల్లో తరచుగా కనిపించే స్టెఫిలోకోకస్ మీద దాని ప్రభావం స్వల్పం. అడవిలో కట్టు కట్టేవాళ్లు లేని జంతువుకు ఆ కొంచెం పనికొచ్చి ఉంటుంది. ఇంట్లో పడుకుని గంటల తరబడి నాకే కుక్కకు మాత్రం గరుకు నాలుక కొత్త కండను గీరేస్తుంది, కుట్లు విప్పేస్తుంది. అందుకే మెడకు ప్లాస్టిక్ కోన్ తప్పదు. మొదటి రోజు తలుపులకు కొట్టుకుంటుంది, జాలేస్తుంది. మన కళ్ల ముందు ఉన్నప్పుడు తీసి, లేనప్పుడు పెడితే చాలనుకోవద్దు. రాత్రి పెట్టడం మరిచిపోతే, గాయాన్ని పాడుచేసుకోవడానికి ఒక్క గంట చాలు దానికి.

పసుపు గురించి కూడా చెప్పాలి. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద అమెరికాలో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 1995లో పేటెంటు ఇచ్చారు. అది తరతరాలుగా ఇక్కడ ఉన్న జ్ఞానమని మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి పాత గ్రంథాలు చూపించి వాదిస్తే 1997లో రద్దయింది. ఆ గెలుపు మనకు గర్వకారణమే. అయితే వంటింటి డబ్బాలోని పొడిని తెగిన మెత్తలో కూరమని ఆ తీర్పు చెప్పలేదు. ఆ పొడిలో దుమ్మూ క్రిములూ ఉంటాయి. గాయంలో ముద్దకట్టి లోపలేముందో డాక్టరుకు కనపడనివ్వదు. కిరసనాయిలూ, బండి ఇంజనాయిలూ అయితే కండను కాల్చేస్తాయి, నాకితే విషం.

తెగడం తర్వాత మన ఎండల్లో ఎక్కువగా చూసేది కాలడం. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో గాలే 45 డిగ్రీలు దాటుతుంది. ఎండలో ఉన్న తారురోడ్డు గాలి కంటే 20 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. ఎంత వేడి ఎంతసేపట్లో చర్మాన్ని చంపుతుందో మారిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు 1947లోనే కొలిచారు. 44 డిగ్రీల దగ్గర చర్మం కాలిపోవడానికి ఆరు గంటలు పట్టింది. 60 డిగ్రీల దగ్గర ఐదు సెకన్లు చాలాయి. వాళ్లు చూసింది పంది చర్మాన్నీ మనిషి చర్మాన్నీ. కుక్క మెత్త మందం వల్ల ఇంకాస్త తట్టుకుంటుందేమో గానీ, మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద అర కిలోమీటరు నడిపిస్తే ఆ మందం ఏపాటి? ముందు మెత్త రంగు మారుతుంది, తర్వాత పొక్కి, పైపొర పెచ్చుగా లేచిపోయి కింద ఎర్రటి కండ బయటపడుతుంది. అప్పుడు చల్లటి నీళ్లు, అంటే కుళాయి నీళ్లే, ఐసు కాదు, 10 నుంచి 20 నిమిషాలు పోసి డాక్టరుకు చూపించాలి. బయటికి తీసుకెళ్లే ముందు మీ అరచేతి వెనకభాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించండి. ఆనించలేకపోతే కుక్కను తీసుకెళ్లకండి.

మెత్త మొత్తం ఊడిపోతే చుట్టుపక్కల నుంచి పాకి వచ్చే చర్మం పలచటిది. అది బరువుకు నిలవదు, మళ్లీ మళ్లీ పుండు పడుతుంది. అందుకు అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ స్వెయిమ్ బృందం 1990లలో ఒక ఉపాయం చేసింది. బాగున్న మెత్తల నుంచి చిన్నచిన్న ముక్కలు తీసి, ఎర్ర కండ కట్టిన గాయం అంచుల వెంట నాటారు. ఆ ముక్కల నుంచి మెత్త చర్మమే పెరిగి మధ్యకు పరుచుకుంది. పెద్ద మెత్త పోయినప్పుడు ఒక వేలి ఎముక తీసేసి ఆ వేలి మెత్తను నడిమధ్యకు జరిపే శస్త్రచికిత్స కూడా ఉంది.

మంచు దేశాల్లో బండ్లు లాగే కుక్కలకు బూట్లు తొడుగుతారు. అలాస్కాలో జరిగే ఇడిటరాడ్ పందెంలో కుక్కకు ఎనిమిది బూట్లు చొప్పున బండిలోనో కాళ్లకో ఉండి తీరాలని నియమం. మన కుక్కలకు గాయం మానేదాకా వాడే మెత్తటి తొడుగు చాలు.

దెబ్బేమీ తగలకుండానే నాలుగు పాదాల మెత్తలూ గట్టిపడి పగిలితే మాత్రం అది వేరే సంగతి. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులో అలా అవుతుంది. జ్వరం, కంటి పుసులు, ముక్కు కారడం తోడైతే ఆలస్యం చేయొద్దు. దానికి టీకా ఉంది.

వీధి కుక్కలకు ఇవన్నీ ఎవరు చేస్తారు? వాటికి కట్టు నిలవదు, కోన్ పెడితే తిండి తినలేవు. అయినా రోజుకోసారి అన్నం పెట్టే చోటే సెలైన్‌తో కడిగితే చాలా గాయాలు మానతాయి. వానాకాలంలో ఈగలు వాలి పురుగులు పడితే మాత్రం కడగడంతో తీరదు. పురుగులు కండలోకి తొలుచుకుపోతాయి. వాటిని పశువైద్యశాలలో తీయించాలి.

ఎంత మచ్చికైన కుక్కయినా నొప్పి పెట్టినప్పుడు కరవచ్చు. గాయం ముట్టుకునే ముందు మెత్తటి గుడ్డ పట్టీతో మూతి వదులుగా కట్టండి, పని కాగానే విప్పండి, ఎందుకంటే మూతి కట్టిన కుక్క వగర్చలేదు. వీధి కుక్క అయితే చేతులకు తొడుగులు వేసుకోండి. మన చేతి మీద గీత ఉండి దాని లాలాజలం తగిలినా రేబిస్ రావచ్చు. కరిచినా, పన్ను గీరినా ఆ చోటును సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకా మొదలుపెట్టించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ టీకా ఉచితంగా వేస్తారు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు వైద్యం లేదు.